స్తోత్రం మామ్మ

మా వార్డులో అరుపులకు కొదవ లేదు. గుంటూరులో నొప్పి తగ్గించడానికే పెట్టిన చిన్న ఆస్పత్రి మాది. క్యాన్సరు వాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు, మతి తప్పిన ముసలివాళ్ళు వస్తుంటారు. ఒకాయన పొద్దున్నే డాక్టర్లను తిట్టడం మొదలుపెడతాడు. ఇంకొకావిడ ఎప్పుడో పోయిన మొగుణ్ణి ఇప్పటికీ వదిలిపెట్టదు. అలాంటి చోటికి రెబ్కమ్మ గారు వచ్చి, పక్క మార్చినప్పుడల్లా "స్తోత్రం, స్తోత్రం" అంటుంటే అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆయమ్మలు ఆవిడకు 'స్తోత్రం మామ్మ' అని పేరు పెట్టేశారు.

ఆవిడది సత్తెనపల్లి దగ్గర పల్లె. మిరపకాయ కోతలకూ, పత్తి తీతలకూ వెళ్ళి ఒక్కగానొక్క కూతుర్ని చదివించుకుంది. ఆ కూతురు శాంతి ఇప్పుడు సర్కారు బళ్ళో టీచరు, సెలవు పెట్టి తల్లి మంచం పక్కనే ఉంటోంది. మతిమరుపు జబ్బు ముదిరి రెబ్కమ్మ గారు కూతుర్ని గుర్తుపట్టడం మానేసింది. మాటలూ ఒక్కొక్కటే జారిపోయాయి. ఆ మీదట దొడ్లో పడి ఎడమ తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనుకు గుండె తట్టుకోదన్నారు.

"అన్నీ మర్చిపోయింది సిస్టర్, నన్ను కూడా. దేవుణ్ణి మాత్రం మర్చిపోలేదు" అంది శాంతి మొదటిరోజే. ఆ చెప్పడంలో గర్వముంది. ఉండొద్దూ మరి, మిగిలింది ఆ ఒక్క మాటే.

డాక్టర్ మాధురి గారు నొప్పి మాత్ర రాసి, అవసరమైతేనే ఇమ్మన్నారు. తుంటి విరిగి నెల దాటింది కాబట్టి సర్దుకుని ఉంటుందని ఆవిడ లెక్క. అవసరమైతే అంటే అడిగితే అని మా వార్డులో అర్థం. "నొప్పి ఉందా మామ్మా?" అని రోజూ అడిగేవాళ్ళం. ఆవిడ పైకప్పు కేసి చూసేది. మాత్రలు డబ్బాలోనే ఉండేవి.

శుక్రవారం వాళ్ళ ఊరి పాస్టరు జయరావు గారు, ఇద్దరు సంఘస్తులతో వచ్చి ప్రార్థన చేశారు. మంచి గొంతు ఆయనది. వాక్యానికో "స్తోత్రం" పడుతోంది అందరి నోటా. అందరూ అంటున్నారు గానీ మామ్మ మాత్రం అనడం లేదు. హాయిగా, ఎవరింటికో పెళ్ళికొచ్చినట్టు చూస్తోంది. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు మంచం అంచున కూర్చున్నారు. పరుపు ఆ పక్కకు ఒరిగింది. అప్పుడు అంది మామ్మ, గట్టిగా, వరసపెట్టి: "స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం!"

"చూశారా! ఆత్మ మెలకువగానే ఉంది" అన్నారు పాస్టరు గారు, కళ్ళు తుడుచుకుంటూ. శాంతి కూడా ఏడ్చింది. నాకు మాత్రం దుప్పటిని నలిపేస్తున్న మామ్మ పిడికిలి కనబడింది. నుదురు ముడిపడింది, పళ్ళు బిగిశాయి. దేవుణ్ణి స్తుతించేవాళ్ళ మొహం అలా ఉండదు.

మర్నాడు ఒళ్ళు తుడుస్తూ నేనే గమనించాను. కుడిచెయ్యి ఎత్తితే ఊరుకుంది. తల దువ్వితే ఊరుకుంది. ఎడమకాలి కింద దిండు కాస్త జరిపానో లేదో, స్తోత్రం! నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని చెప్పను, వార్డు మొత్తం మీద. నొప్పి నొప్పి అని మనిషి మొత్తుకుంటుంటే చుట్టూ చేరి ఆమెన్ అంటున్నాం.

శాంతిని వరండాలోకి పిలిచి చెప్పాను.

"టీచర్ గారూ, అమ్మ ప్రార్థన చెయ్యట్లేదండీ. ఆవిడకి నొప్పేస్తోంది."

ఆవిడ మొహం మాడిపోయింది. "మీకేం తెలుసండీ మా స్తోత్రం గురించి?"

"మీ స్తోత్రం సంగతి నాకు తెలీదు. మా నానమ్మ మోకాళ్ళు పట్టేసినప్పుడల్లా యా అల్లా అనేది. నమాజు చేస్తోందని ఎవరూ అనుకోలా. ముందు తైలం తెచ్చేవాళ్ళం."

"నసీమ్ సిస్టర్, మందు ఇస్తే ఏమవుద్ది? మత్తుగా పడుకుంటుంది. ఆ ఒక్క మాటా ఆగిపోద్ది. ఆ తర్వాత మా అమ్మని ఎట్టా అనుకోను నేను?"

డాక్టరు గారితో చెప్పాను. ఆవిడ వచ్చి చూసి, మార్ఫిన్ సిరప్పు కొద్దికొద్దిగా వేళకు ఇద్దామన్నారు, అడిగినా అడక్కపోయినా. శాంతి ఒప్పుకోలేదు. వేరే సిస్టరును వెయ్యమని కూడా అడిగింది. వేరే సిస్టరు ఎక్కడుంది, ఉన్నదే నేను!

ఆ సాయంత్రం ఆయమ్మ సెలవులో ఉంటే పక్క మార్చడానికి శాంతినే సాయం రమ్మన్నాను. పంతానికి పిలిచాననుకున్నా ఫర్లేదు. "మీరు మొహం దగ్గర నిలబడండి. చూస్తూ ఉండండి, అంతే" అన్నాను. తొడ కింద చెయ్యి పెట్టి తిప్పాను. స్తోత్రం అంటూ మామ్మ కూతురి మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

శాంతి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చేతినే చూస్తూ చిన్న గొంతుతో అంది:

"పత్తికట్టె నరికేసిన చేలో నా కాల్లో మోడు దిగబడింది సిస్టర్, చిన్నప్పుడు. అమ్మో అని అరిచా. నోరు ముయ్యి, అమ్మో బాబో అనకూడదు, స్తోత్రం అను అంది అమ్మ. బాప్తిస్మం తీసుకున్న కొత్త. కష్టంలో కూడా స్తుతించాలని సంఘంలో చెప్పారంట. అప్పణ్ణుంచి మా ఇంట్లో దెబ్బ తగిలినా స్తోత్రమే. మిరపకాయలు కోసొచ్చి, మండే చేతులు మజ్జిగలో పెట్టుకుని స్తోత్రం, స్తోత్రం అనుకునేది. నేను మర్చిపోయా. అమ్మ మర్చిపోలా."

"మరి మందు?" అన్నాను.

"పొయ్యండి" అంది. తల్లి తలని తనే పట్టుకుంది.

మొదటి రెండ్రోజులూ శాంతికి కష్టంగానే గడిచాయి. మామ్మ ఎక్కువసేపు నిద్రపోయింది. లేచినప్పుడు జావ తాగింది, గిన్నె ఖాళీ చేసింది. పక్క మార్చినా పలకలేదు. అమ్మయ్య అని నేననుకుంటే, శాంతి గోడకు చేరగిలబడి, "మా ఇల్లు మూగబోయింది సిస్టర్" అంది. మందు పోసింది నేను, మాట ఆగింది ఆవిడకు. చేసింది సరైన పనేనని తెలుసు, అయినా నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాతి వారం ఆదివారం శాంతిని బలవంతాన బ్రాడీపేటలో చర్చికి పంపాను. అమ్మను నేను చూసుకుంటాను, కాస్త గాలి తగిలినట్టుంటుంది, వెళ్ళిరండి అని. ఆరాధన మధ్యలోనే లేచి ఆటోలో వచ్చేసింది. బైబిలు ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమైందండీ?"

"కూర్చోలేకపోయా సిస్టర్. అందరూ స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. ఎవరికెక్కడ నొప్పో అని చుట్టూ చూస్తా ఉన్నా."

ఆవిడ చేతిలోని బైబిలు అందుకుని బల్ల మీద పెట్టాను. మామ్మను పక్క మార్చే వేళయింది. శాంతి మొహం దగ్గర నిలబడింది. నేను తిప్పాను. మామ్మ కళ్ళు తెరిచింది, నుదురు ముడిపడలేదు. కూతురి చెయ్యి దొరికితే పట్టుకుంది గానీ గోళ్ళు దించలేదు, ఊరికే పట్టుకుని ఉంది. ఒక్క మాటా అనలేదు.

"స్తోత్రం" అని వినబడింది.

నేను ఉలిక్కిపడి దుప్పటి తీసి ఎడమకాలు చూశాను. దిండు సరిగ్గానే ఉంది. అన్నది మామ్మ కాదు. తలెత్తి శాంతిని చూశాను.

"మీకెక్కడండీ నొప్పి?"

మా ఆస్పత్రికి వచ్చాక శాంతి మొదటిసారి నవ్వింది, కళ్ళ నిండా నీళ్ళతో. తల్లి చెయ్యి వదల్లేదు.

"నొప్పి కాదు సిస్టర్. ఇది మామూలు స్తోత్రమే."