బిద్రీ డబ్బీ వైద్యం

రాధాబాయికి కన్నడం రాదని ఎవరైనా అంటే బడి పిల్లలే నవ్వుతారు. ఐదో తరగతికి రోజూ లెక్కలు చెప్పేది కన్నడంలోనే. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి, బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిశాక పట్టుబట్టి అక్షరాలు దిద్దుకుంది. సర్కారు పెట్టిన కన్నడ పరీక్షలో రాతభాగం మొదటిసారికే గట్టెక్కింది. వచ్చిన చిక్కల్లా మాట్లాడే భాగంతోనే. అధికారి ఎదుట కూర్చోగానే దవడలు బిగుసుకుపోతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, తలలో ఉన్న కన్నడమంతా ఎటో పారిపోతుంది. రెండుసార్లు అలాగే మూగదానిలా లేచి వచ్చింది. మూడోసారి తప్పితే ఉద్యోగం పోతుంది. ఆ బడంటే ఆమెకు ప్రాణం.

ఆమె బాధ చూడలేక భర్త సదాశివ్ ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. అతనిది బజారులో బెల్లం దుకాణం. జహీరాబాద్ నుంచి ఇల్లరికం వచ్చి పదిహేనేళ్లయినా కన్నడం అతని నోటికి పట్టలేదు, పట్టిందనుకోవడం మాత్రం మానలేదు. బెల్లం కొనడానికి వచ్చిన ధార్వాడ నర్సు రాచమ్మకు సంగతంతా చెప్పుకున్నాడట.

"రోజు కండ్లు మూస్కొని కూసోవాల్నట. చేతిల బిద్రీ గట్టిగ పట్కోవాల్నట," అన్నాడు.

"బిద్రీ ఎందుకు?"

"గట్టి హిడీరి, ఆమ్యాల బిద్రీ అన్నది రాచమ్మక్క. నా చెవులతోని విన్న. మన ఊరి సామాన్ల ఏదో తాసీరు, మందు గుణం ఉంటది తియ్."

పరీక్ష భయంలో రాధాబాయి ఇంకేమీ ఆలోచించలేదు. తల్లి వాడిన నల్లటి బిద్రీ వక్కల డబ్బీ, వెండి పూలది, అటక మీంచి దిగింది. వారం రోజులు పొద్దునా సాయంత్రం దాన్ని పిడికిట్లో నొక్కిపట్టి కూర్చుంది. వేళ్లు కొంకర్లు పోయాయి. మెడ పట్టేసింది. ఇంతవరకూ లేని తలనొప్పి కూడా తోడైంది. ఎనిమిదో రోజు ఒళ్లు మండి డబ్బీతో సహా ఆసుపత్రికి వెళ్లింది.

డబ్బీని చూసి రాచమ్మ బల్ల పట్టుకుని మరీ నవ్వింది. తాను చెప్పింది బిద్రీ కాదు, 'బిడ్రి'. అంటే వదలండి అని. గట్టి హిడీరి, ఆమ్యాల బిడ్రి: గట్టిగా పట్టుకోండి, ఆ తర్వాత వదలండి. పిడికిలి బిగించి, ఐదు లెక్కపెట్టి, వదిలెయ్యాలి. తర్వాత భుజాలు, ఆ తర్వాత దవడ. ఒళ్లు బిగుసుకుంటే కొట్లాట వచ్చిందనుకుని మెదడు గుండెను పరిగెత్తిస్తుంది. కండలు సడలితే ఎవరూ రాలేదని కబురు అందుకుని మెదడూ నెమ్మదిస్తుంది. "నువ్వు వారమంతా కొట్లాటకే తయారైనవ్. వదిలే ముక్క మీ ఆయన మింగేసిండు," అంది రాచమ్మ వచ్చీరాని తెలుగులో.

ఇంకో పది రోజులకు పరీక్ష. అధికారి బెంగళూరు మనిషి, నవ్వు మొహం కాదు. మొదటి ప్రశ్నకే రాధాబాయి దవడ బిగుసుకుంది. బల్ల కింద పిడికిలి బిగించింది, వదిలింది. మళ్లీ బిగించింది.

"ఏనమ్మా, కైగె ఏనాయ్తు?" చేతికేమైందని అడిగాడాయన.

పట్టుబడ్డాను, ఇక అయిపోయిందనుకుంది. కానీ వేళ్లు అప్పటికే విడివడి ఉన్నాయి. భుజాలు దిగాయి. "నా భర్త బెల్లం వ్యాపారి, సార్," అని కన్నడంలో మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. డబ్బీ, మెడనొప్పి, రాని కొట్లాటకు పరిగెత్తే గుండె, బిద్రీకీ బిడ్రికీ వచ్చిన తంటా, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అధికారి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తన చేతిలో బిగించి పట్టుకున్న కలాన్ని బల్ల మీద పెట్టి, పిడికిలి ఒకసారి మూసి తెరిచాడు. మళ్లీ కలం తీసుకుని సంతకం పెట్టేశాడు. రాసుకొచ్చిన మిగతా ప్రశ్నలు అడగనేలేదు.

గేటు దగ్గర సదాశివ్ నిలబడి ఉన్నాడు. అవసరపడుతుందేమోనని డబ్బీ కూడా తెచ్చాడు. రెండు చేతులతో దాన్ని పొట్టకు అదిమి పట్టుకున్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. మూడుసార్లూ తనకంటే ఎక్కువ భయపడ్డది ఈ మనిషేనని ఆమెకు అప్పుడు తెలిసింది. అతని మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది.

"పాసైన," అంది.

అతను నోరు తెరిచాడు గానీ చేతుల పట్టు వదల్లేదు.

"ఇగ బిడ్రి," అంది నవ్వుతూ.

ఈసారి అతనికి సరిగ్గానే అర్థమైంది. రెండు చేతులూ ఒక్కసారి వదిలేశాడు. డబ్బీ ఠంగుమని బండల మీద పడింది, మూత దొర్లుకుంటూ పరీక్ష గది మెట్ల దాకా పోయింది.