భయానికి బొలీయో

మూడేళ్లుగా దొమితీలా ఒక్క రోజు కోసం కాచుకుని కూర్చుంది. ఆ రోజు ఒక మంగళవారం పొద్దున, ఊరంతా కంపించిపోయేట్టు వచ్చింది.

ఆమె మొగుడు పోయిన పదకొండో రోజునే మరిది క్రిసోఫొరో ఏదో కాగితం తెచ్చి చూపించి, రొట్టెల పొయ్యీ, దాని దుకాణమూ తనవేనన్నాడు. "అన్న రాసిచ్చేశాడు వదినా. బోర్డు మీద ఆయన పేరు అట్లాగే ఉంచుతాలే. పేరు నీకు, పొయ్యి నాకు" అని నవ్వాడు కూడా. ఇటుక ఇటుకా మోసి ఆ పొయ్యి కట్టింది మొగుడూ పెళ్లాలిద్దరూ. పొయ్యి పోయినందుకన్నా ఆ నవ్వుకే ఆమె ఒళ్లు ఎక్కువ మండింది. ఆనాటి నుంచి పెరట్లో రేకు పొయ్యి మీద బొలీయోలు, అంటే నడిమధ్య గాటు పెట్టి కాల్చే గట్టి పెంకు రొట్టెలు, కాల్చి, గంపలో పెట్టుకుని, సరిగ్గా వాడి దుకాణం ఎదురుగానే కూర్చుని అమ్ముతోంది. రోజూ వాడి కళ్లబడటమే ఆమె పంతం.

భూకంపం ఆగి భూమి కుదుటపడేసరికి జనమంతా వీధిలో ఉన్నారు. దుకాణం గోడ నిలువునా బీటలు వారింది. ఊరిపెద్ద దోన్ ఎలాదియో గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, లోపలికి ఎవరూ పోవద్దన్నాడు. పొద్దున కాల్చిన రొట్టెలన్నీ లోపలే ఉండిపోయాయి.

జడుసుకున్న మనిషి వెంటనే ఒక బొలీయో తినాలంటారు ఆ ఊళ్లో. లేకపోతే ఆ భయం కడుపులో తిష్ట వేసి చక్కెర జబ్బు తెస్తుంది. క్రిసోఫొరో తండ్రి అట్లాగే పోయాడని వాళ్లింట్లో అందరి నమ్మకం. జనం దొమితీలా గంప చుట్టూ మూగారు. ఆమె అందరికీ ఉత్తినే పంచింది. చివరికి ఒక్కటి మిగిలింది. సగం గడ్డం గీసుకుని, సగం సబ్బు నురగతో క్రిసోఫొరో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"వదినా, ఆ ఒక్కటీ ఇటివ్వు."

"నీకు భయమేంటయ్యా మరిదీ? పొయ్యిగల మారాజువి!"

"ఇచ్చెయ్యవే తల్లీ" అంది పక్కింటి చోనా కిసుక్కున నవ్వి. "లేకపోతే వీళ్ల నాన్నకి తీసినట్టే కాలు తీసేస్తారు."

క్రిసోఫొరో మొహం పాలిపోయింది. "నీ కాళ్లు పట్టుకుంటా వదినా."

"నా కాళ్లెందుకు? ఆ కాగితం మా ఆయన రాసిందేనా? గట్టిగా చెప్పు, దోన్ ఎలాదియోకి వినపడాలి."

"కాదు... నేనే రాశా. సంతకమూ నేనే గీకా."

"పొయ్యి ఎవరిది?"

"నీదే! నీదే వదినా! ఇవ్వు!"

"వీధంతా విన్నది" అన్నాడు దోన్ ఎలాదియో. "తాళాలు ఆమె చేతిలో పెట్టు."

దొమితీలా తాళాలు నడుముకు కట్టుకుంది. తొందరేమీ పడలేదు. బొలీయోని గాటు దగ్గర రెండుగా విప్పి, లోపలి మెత్తటి భాగమంతా వేళ్లతో గీకి ఉండ చేసి నోట్లో వేసుకుంది. మిగిలిన పెంకు మరిది చేతిలో పెట్టింది.

"ఇదేంటి వదినా? ఉత్త పెంకేగా!"

"నాకూ భయమేసింది మరి. ఆనాడు నువ్వు పంచినట్టే పంచా."

ఆ పెంకునే క్రిసోఫొరో కరకర నమిలాడు. దొమితీలా రెప్ప వేయకుండా ఆఖరి ముక్క దాకా చూసింది. మొగుడు పోయాక ఆమెకు తిండి రుచి తెలియడం అదే మొదటిసారి.