కనపడని మంటకు పొరక

ఆ ఊడ్చే పొరకను అక్కడి నుంచి తీసి దాచింది నేనే. ఆ సంగతి మా ఆయనకు తెలుసు, మా అశ్వినికి తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు.

అశ్విని మాకు ఒక్కతే బిడ్డ. పాలిటెక్నిక్ చదివింది. కళ్యాణదుర్గం దాటాక, సోలార్ పలకలు పరిచిన బీడులో ఒక కంపెనీ హైడ్రోజన్ బంకు కట్టి, దాన్ని పనిలో పెట్టుకుంది. నీళ్ళను కరెంటుతో విడగొట్టి గ్యాసు తీస్తారట, ఆ గ్యాసుతో కార్లు నడుస్తాయట. ఇంకా అందరికీ పోయడం లేదు, పరీక్షలు చేస్తున్నారు. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. నాకు అర్థమయ్యేటట్టు చెప్పమని వెంటపడితే చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది. ఆ గ్యాసుకు వాసన లేదట. అంటుకుంటే పొగ రాదట. పట్టపగలైతే మంట కంటికే కనపడదట.

"వంటగ్యాసు లీకైతే కంపన్నా కొడతాది. ఇదేందే పాపా, దయ్యం మాదిరి?" అన్నాను.

"దయ్యానికి కాళ్ళు ఎనక్కి ఉంటాయంట గదమ్మా, దీనికి కాళ్ళే లేవు," అని నవ్వింది.

మా ఆయన బయ్యన్న కిరాయి కారు నడుపుతాడు. పద్దెనిమిదేళ్ళుగా పెట్రోలు వాసనతో ఇల్లు చేరే మనిషి. నాకు భయం ఎంతో ఆయనకు ఆశ అంత. పెట్రోలు బండ్ల కాలం అయిపోయిందనీ, ఉన్న కారు అమ్మేసి అలాంటిది తీసుకుంటే పిల్ల పనిచేసే చోటే గ్యాసు పోయించుకోవచ్చనీ అనేవాడు. నీళ్ళు ఎన్ని పడతాయని పిల్లను అడిగాను. కిలో గ్యాసుకు తొమ్మిది లీటర్లు కచ్చితంగా కావాలి, శుద్ధి చేయడానికి పోయేది వేరే అంది. ఆ కిలోతో కారు నూరు కిలోమీటర్లు పోతుందట. నువ్వు స్నానానికి పోసుకునేదాని కంటే తక్కువే అని ఆయన నన్ను వెక్కిరించాడు. ఒక కారుకైతే తక్కువే. రాయదుర్గం నుంచి అనంతపురం దాకా తిరిగే బండ్లన్నిటికీ ఎక్కడి నుంచి తెస్తారు? మా వీధికి కొళాయి నీళ్ళు ఐదు రోజులకు ఒకసారి. ఆ ఏడు వానలు లేక శెనక్కాయ చెట్లు కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగకుండానే మాడిపోయాయి. బంకుకు మాత్రం రోజూ పొద్దున్నే మా ఇంటి ముందు నుంచే నీళ్ళ ట్యాంకరు పోతుంది. కార్లు తాగినాక మిగిలితే మనుషులు తాగాల్నా అని అడిగితే, ఆయన తువ్వాలు దులుపుకొని లేచి బయటికి పోయాడు.

ఆయుధపూజకు బంకులో పనిచేసేవాళ్ళ ఇళ్ళవాళ్ళను కూడా పిలిచారు. కొత్తగా వచ్చిన తెల్లకారుకు ఆరోజు పూజచేసి, మొదటిసారి గ్యాసు నింపుతారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, కారు చూసుకోవడానికి పెళ్ళిచూపులకు పోయినట్టు బయలుదేరాడు. మేనేజరు శ్రీకాంత్ సారు గేటు దగ్గరే సెల్‌ఫోన్లు తీసుకున్నాడు. హారతి కూడదన్నాడు, కర్పూరం కూడదన్నాడు, ఊదుబత్తి కూడా వద్దన్నాడు. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించకుండానే దిష్టి తీసి గేటు బయట కొట్టారు. నా మనసు అప్పుడే కీడు శంకించింది. నిప్పు చూపకుండా తీసిన దిష్టి ఎక్కడికి పోతుంది?

గ్యాసు పోసే మిషనుకు రెండు పక్కలా అరటిపిలకలు నేనే కట్టాను. కారుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి లేచేసరికి ఎదురుగా స్తంభానికి ఆనించిన పొరక కనపడింది. పొడుగాటి కట్టెకు కట్టిన కొత్త పొరక, తల పైకి పెట్టి, సరిగ్గా కారు ముఖానికి ఎదురుగా ఉంది. మా ఇంట్లో ఎవరైనా బయటికి పోతుంటేనే పొరకను తలుపు చాటుకు పెడతాం. కొత్త బండి కదిలే వేళ ఎదురుగా పొరక ఉంటే ఆ బండి ఎవరినో ఒకరిని తీసుకుంటుందని మా అత్త చెప్పేది. ఆ బండి దగ్గర రోజూ నిలబడేది నా బిడ్డ. ఎవరూ చూడకుండా తీసుకుపోయి బాత్‌రూము వెనక పెట్టి వచ్చాను. అప్పటికి గానీ గుండె కుదుటపడలేదు.

మిట్టమధ్యాహ్నం అశ్విని గొట్టం తగిలించింది. మమ్మల్ని తాడు ఇవతల నిలబెట్టారు. కాసేపటికి కుక్కరు కూత పెట్టబోయే ముందు వచ్చే బుసలాంటి శబ్దం వచ్చింది. ఎర్రలైటు వెలిగింది, సైరను మోగింది. సారు గ్యాసు ఆపే స్విచ్చి నొక్కినా బుస ఆగలేదు. చేత్తో తిప్పి మూయాల్సిన వాల్వు మిషను వెనకాల ఉంది. అశ్విని స్తంభం దగ్గరికి పరిగెత్తింది. దాని చెయ్యి ఖాళీ స్తంభాన్ని తడుముకుంది.

"పొరక యాడ? ఈడుండే పొరక యాడ?"

నేను బాత్‌రూము వైపు తిరిగి చూశాను. వాల్వు అశ్వినికి పది అడుగుల్లో ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఎండ, రాలిన బంతిపూలు, అంతే. అది ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. అప్పుడు ఎడమవైపు అరటిపిలక మీద నా చూపు పడింది. గాలి లేదు, దగ్గర్లో ఎవరూ లేరు. అరటాకు అంచు దానంతట అదే గోధుమరంగుకు తిరిగి, గుప్పిట మూసినట్టు ముడుచుకుంటోంది.

"పాపా, ఆకు సూడు. ఆకు."

ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయింది. ఆకును చూసింది. వెనక్కి వచ్చి, కుడిపక్క నుంచి గోడవార చుట్టి పోయి వాల్వు మూసింది. బుస ఆగేసరికి అరటాకు నల్లగా వేలాడుతోంది.

పొరక ఎవరు తీశారని సారు అందరినీ గట్టిగా అడిగాడు. నేను నోరు తెరవబోతే అశ్విని నా వైపు చూడకుండానే, "నేనే సార్, పూజకని తీసి పక్కన పెట్టినా," అంది. దానికి మెమో ఇచ్చారు.

ఇంటికి వచ్చే దారిలో, పొరక తీసింది నేనేనని కారులో ఒప్పుకున్నాక చెప్పింది. "మంట ఉండాదని మిషను చెప్తాదమ్మా, యాడుండాదో చెప్పదు. అందుకే పొరకను ముందుకు చాపుకుంటా నడవాల. పుల్లలు యాడ అంటుకుంటే ఆడ నిలబడిపోవాల."

ఉద్యోగం మానేయమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"నేను మానేస్తే ఇంగొకరి బిడ్డ వస్తాది. ఆ బిడ్డకు ఆకును సూపించే అమ్మ ఉంటాదా?" అంది.

మా ఆయన దారిలో మామూలు బంకు దగ్గర ఆపి, ట్యాంకు నిండా పెట్రోలు పోయించాడు. కారు అమ్ముతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి వారం సంతలో గట్టి పొరక ఒకటి చూసి కొన్నాను. డ్యూటీకి పోయే నా బిడ్డ చేతికి, ఎదురుగా నిలబడి, పొరక ఇచ్చి పంపాను. ఎదురింటి ఉమాదేవి చూసి ముక్కున వేలేసుకుంది. నేను పట్టించుకోలేదు. అశ్విని ఎక్కిన బస్సు పోయింది. దాని వెనకే నీళ్ళ ట్యాంకరు కారుకుంటూ పోయింది.

లోపలికి రాబోతూ ఆగాను. పండగకు గుమ్మానికి కట్టిన అరటిపిలక ఇంకా అలాగే ఉంది. దాని ఆకు అంచు ముడుచుకొని ఉంది. ఎండకే అయి ఉంటుంది. అయినా ఇంట్లోకి పోయే ముందు వాకిట్లో పాత పొరక అందుకొని, గుమ్మంలోకి చాపి చూశాను.