తీపిబావి హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. ముప్పై మూడేళ్లు అబద్ధం చెప్పిన హద్దురాయిని. ఈ మాట నేనే ముందుగా చెప్పేస్తున్నాను, ఎందుకంటే రుస్తుంపేటలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. నాచేత ఆ అబద్ధం ఎవరు చెప్పించారో, దానికి నేను ఎంత కసితో కాచుకుని ఉన్నానో మాత్రం వాళ్లు చెప్పరు. అది నా దగ్గరే వినండి.

నేను పుట్టింది కోతులగుట్ట మీద. ఒక ఒడ్డె మనిషి వారం రోజులు సుత్తీ ఉలీ పట్టి నన్ను గుట్ట నుంచి విడదీశాడు. నాలుగు పలకలుగా తీర్చి, నా తల మీద చంద్రవంక చెక్కాడు. అది ఊరిని ఏలే పఠాన్ల గుర్తు.

ఆ పఠాన్ల గొప్పలు నేను చాలా విన్నాను. వచ్చేపోయేవాళ్లు నా నీడన కూర్చుని చెప్పుకునేవారు. వంశానికి మూలపురుషుడు రుస్తుంఖాన్ పాతకాలంలో గుర్రాల దండుతో ఈ మెట్టకు వచ్చాడట. అప్పటికి ఇక్కడ తుమ్మచెట్లూ తోడేళ్లూ తప్ప ఏమీ లేవట. గొల్లలూ మాదిగలూ అప్పటికే ఇక్కడ బతుకుతున్నారు గానీ, వాళ్లను మనుషుల కింద జమకట్టడం మక్తేదార్లకు, అంటే ఊళ్లను ఏలే ఈ దొరలకు, అలవాటు లేదు. ఏదేమైనా రుస్తుంఖాన్ చెరువు కట్టించాడు, మసీదు కట్టించాడు, ఏడు ఊళ్ల మీద పెత్తనం సంపాదించాడు. నలభై గుర్రాలతో వచ్చాడని మనవలు చెప్పారు, నాలుగు వందలని మునిమనవలు చెప్పారు. నన్ను పాతేనాటికి ఆ గుర్రాలు నాలుగు వేలయ్యాయి. కొట్టంలో మాత్రం ఒక కుంటి గుర్రం మిగిలింది.

ఆ వంశంలో వజీర్‌ఖాన్, దిలావర్‌ఖాన్ అని అన్నదమ్ములు. భూములు పంచుకున్నారు. అన్న వజీర్‌ఖాన్ తన వాటాలో పన్నెండెకరాలు భార్య హాజిరాబీకి మెహర్ కింద, పెళ్లినాటి కానుకగా రాసిచ్చి, అందులో బావి తవ్వించాడు. రుస్తుంపేటలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఆ ఒక్క బావిలోనే తియ్యటి నీళ్లు పడ్డాయి. అందరూ తీపిబావి అన్నారు. దానికి పడమట అన్నదమ్ముల హద్దు మీద నన్ను నిలబెట్టారు.

నిలబెట్టింది సుంకరి బుగ్గయ్య. ఊరి హద్దులు కాయడం ఆయన ఇంటి పని. దొరలు "బుగ్గిగా" అని పిలిచేవారు, నేను మాత్రం బుగ్గయ్య అనే అంటాను. గుంత తవ్వాక నన్ను దించేముందు ఆయన ఒక గంపెడు బొగ్గులు అడుగున పోశాడు. గడ్డపార పట్టుకున్న తమ్ముడితో అన్నాడు:

"రాయిని ఎవడన్న జరుపుతడు. బొగ్గు కుల్లదు, చెద పట్టదు. మా అయ్య గిట్లనే పోస్తుండె."

పరదా కట్టిన బండిలో వచ్చిన హాజిరాబీ దూరం నుంచే నన్ను చూసుకుని వెళ్లిపోయింది. బొగ్గుల సంగతి ఆమెకు తెలియదు. దిలావర్‌ఖాన్‌కు అసలే తెలియదు, ఆయన జన్మలో ఎన్నడూ గుంతలోకి తొంగిచూసిన మనిషి కాడు.

రెండేళ్లకు వజీర్‌ఖాన్ విషజ్వరంతో పోయాడు. ఆయన పోయిన నాలుగు నెలలకు, ఒక శుక్రవారం మధ్యాహ్నం, పఠాన్లంతా జుమ్మా నమాజులో ఉండగా దిలావర్‌ఖాన్‌కు కడుపునొప్పి వచ్చింది. ఆ కడుపునొప్పితోనే రెండు జతల ఎడ్లనూ బుగ్గయ్యనూ తోలుకుని నా దగ్గరికి వచ్చాడు. నన్ను పెకలించి, పొలం మీదుగా ఈడ్పించి, తీపిబావికి తూర్పున పాతించాడు. నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగేసరికి బావీ పొలమూ దిలావర్‌ఖాన్ వైపుకు వచ్చేశాయి. పాతగుంతను బుగ్గయ్యే పూడ్చాడు. బొగ్గులు తియ్యలేదు. తియ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు మరి.

హాజిరాబీ ఊరుకోలేదు. పెద్దమనుషులను పిలిపించింది. అందరూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. బుగ్గయ్య చేతులు కట్టుకుని నేలచూపులు చూశాడు, దిలావర్‌ఖాన్ కొరడా ఎలా ఉంటుందో ఆయన వీపుకు తెలుసు. అప్పుడు దిలావర్‌ఖాన్ నా తల మీద, చంద్రవంక మీద, అరచెయ్యి ఆనించి ప్రమాణం చేశాడు.

"ఈ రాయి పాతిన జాగల్నే ఉన్నది. జరగలే. మా భాబీకి దుఃఖంల మతి చెదిరింది."

పెద్దమనుషులు తలలూపారు. పరదా వెనక ఆమె ఏడుపు నాకు వినిపించింది. ఆ అరచేతి చెమట నా తల మీద ఆరడానికి ఎంతసేపు పట్టిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. సాక్ష్యం చెప్పడం తప్ప నాకు వేరే పని లేదు, ఆ ఒక్క పనినీ ఆయన పాడుచేశాడు. ఈ మనిషి చెయ్యి మళ్లీ నా మీద పడాలని, ఆ రోజు అది వణకాలని ఆ క్షణమే పంతం పట్టాను.

మరుసటేడు సర్వేవాళ్లు వచ్చి నా నుంచే కొలత గొలుసు పట్టారు. అబద్ధం పటంలోకి ఎక్కింది. తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. పఠాన్ల ఇళ్లలో సగం ఖాళీ అయ్యాయి, దిలావర్‌ఖాన్ పట్నంలో తలదాచుకుని రెండేళ్లకు తిరిగొచ్చాడు. మక్తాలు రద్దయ్యాయి. ఏడు ఊళ్ల పెత్తనం పోయి సొంతంగా దున్నించుకునే భూములు మిగిలాయి. హాజిరాబీ ఎక్కడికీ పోలేదు. కుట్టుపని చేసుకుంటూ, ఉప్పునీళ్లు తాగుతూ ఆ ఊళ్లోనే ఉంది.

ఆ రోజుల్లోనే బుగ్గయ్య ఒకసారి ఆమెను ఇక్కడికి తీసుకొచ్చి పాతగుంత జాగా చూపించాడు.

"కింద బొగ్గులున్నయి బీబమ్మా. తహసీలుకు పోదాం. నేను తవ్వి చూపిస్త."

ఆమె ఆ మట్టిని చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దు బుగ్గయ్యా. ఆఫీసర్లు చెప్పేది నాకెందుకు? నాకు మతి చెదిరిందన్న నోటితోనే ఆ నిజం బయటికి రావాలె," అంది.

నాకు ఆమె నచ్చింది. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకే పని మీద ఉన్నట్టు అనిపించేది.

పాతికేళ్లు కాచాము. అప్పుడు కొత్త చట్టం వచ్చింది. ఒక కుటుంబానికి ఇన్ని ఎకరాలే, మిగిలింది సర్కారుకు. దిలావర్‌ఖాన్‌కు పన్నెండెకరాలు మిగులు తేలింది. ఒకే తునకగా కావాలని ఆఫీసరు సరిగ్గా తీపిబావి పొలం చుట్టూ గీత గీశాడు. నాకు నోరుంటే పగలబడి నవ్వేవాణ్ణి. ఆ పొలం తనది కాదని, వదినదేనని రుజువైతే దిలావర్‌ఖాన్ గట్టెక్కుతాడు. ముసలామె దగ్గర నుంచి తర్వాత ఎలాగోలా రాబట్టుకోవచ్చు. కాని రుజువేదీ? తన ప్రమాణం ఊరందరికీ గుర్తుంది.

బుగ్గయ్యను పిలిపించి పాత హద్దుకు ఆనవాలేమైనా ఉందా అని అడిగాడు. బుగ్గయ్య అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"బొగ్గులున్నయి దొరా. మీరు అడగలే, నేను చెప్పలే."

ఆ తర్వాత దిలావర్‌ఖాన్ వదిన గడప ముందుకు వెళ్లి నిలబడ్డాడట. ఆమె ఒక్క మాటే చెప్పిందని బుగ్గయ్య ఇక్కడ కూర్చుని చెప్పుకున్నాడు. శుక్రవారం, నమాజు అయ్యాక, ఊరంతటినీ పిలిస్తే రాయి దగ్గరికి వస్తానని. దిలావర్‌ఖాన్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు.

శుక్రవారం వచ్చారు. ఆఫీసరు, పెద్దమనుషులు, కూలీలు, అందరూ. బుగ్గయ్య కొడుకు పాతగుంత తవ్వాడు. మూడడుగుల లోతులో బొగ్గులు నల్లగా, నిన్న పోసినట్టే బయటపడ్డాయి. దిలావర్‌ఖాన్ నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి పెట్టాడు. వణికింది. ఆ వణుకు నా పునాది దాకా దిగింది, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"ఈ రాయిని నేనే జరిపించిన. అబద్ధపు ప్రమాణం చేసిన. ఈ భూమి మా భాబీది."

ఆఫీసరు హాజిరాబీ వైపు తిరిగాడు. పరదా లేదు ఇప్పుడు, నెరిసిన జుట్టు మీద తెల్లటి ఓణీ మాత్రమే. "ఇది నీ భూమేనా అమ్మా? అవునంటే నీ పేర రాస్తాను," అన్నాడు.

ఆమె దిలావర్‌ఖాన్ ముఖంలోకి సూటిగా చూసింది.

"కాదు సాబ్. మా మరిది పెద్దమనిషి. ఇదే రాయి మీద చెయ్యి పెట్టి, ఇదే ఊరి ముంగట, జరగలేదన్నడు. ఆయన అబద్ధమాడడు. బొగ్గులదేమున్నది, ఎవరో అన్నం వండుకొని ఉంటరు. ఆ భూమి ఆయనదే, తీసుకోండ్రి."

దిలావర్‌ఖాన్ "భాబీ, భాబీ" అంటూ గట్టు మీద కూలబడ్డాడు. ఆమె వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

పొలాన్ని సర్కారు తీసుకుని భూమి లేనివాళ్లకు పంచింది. బావి ఉన్న ముక్క బుగ్గయ్య ఇంటికి వచ్చింది. ఆయన హాజిరాబీని తీసుకొచ్చి, తొలి బిందె నీళ్లు ఆమె చేతుల్లో వంచాడు. ముప్పై మూడేళ్ల తర్వాత ఆమె ఆ నీళ్లు తాగింది. ముఖం కడుక్కుంది.

"రాయిని దాని జాగల పెడ్తనమ్మా," అన్నాడు బుగ్గయ్య.

"వద్దు. అక్కడ పెడితే నేనన్నది అబద్ధమైతది. ఈడనే ఉండనియ్యి."

నేను ఆశపడ్డ మాట నిజం. పగ తీరిన రోజే నా చోటికి నేను చేరుకుంటాననుకున్నాను. దిలావర్‌ఖాన్ మీద గెలిచేందుకు ఆయన అబద్ధాన్నే నిలబెట్టాలని, దాన్ని నేనే మొయ్యాలని నాకు తట్టలేదు. బుగ్గయ్య కోడలు రోజూ ఒక బిందె తీపినీళ్లు ఆమె ఇంటికి మోసుకెళ్లేది. ఆమె పోయేదాకా, తొమ్మిదేళ్లు. నా పక్క నుంచే వెళ్లేది, బరువుగా ఉంటే కాసేపు బిందెను నా తల మీద దించుకునేది. ఇప్పుడు ఆ బిందె కూడా రాదు. బొగ్గులు అక్కడే ఉన్నాయి, నేను ఇక్కడే ఉన్నాను.