నాలుగు తాడు చేపలు, ఒక సంబంధం

షోడిపే గారు నన్ను అల్లుడిగా వద్దనడానికి కారణం ఒక్కటే. నేను ఓగున్ నదిలో పాముల్లా సన్నగా పొడుగ్గా ఉండే తాడు చేపలు పట్టి, ఇళ్లలో అద్దాల తొట్టెల్లో పెంచుకునేవాళ్ల కోసం లాగోస్‌లో ఎగుమతి చేసేవాళ్లకు పంపుతాను. పాముల్ని పట్టుకు తిరిగేవాడికి పిల్లనివ్వనన్నారు. అవి పాములు కావు మహాప్రభో, చేపలే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, మా అబెయోకుటాలో పెద్దవాళ్లకు చెప్పడమే గానీ వినడం అలవాటు లేదు. చివరికి ఆయన కూతురు ఎబున్ అన్నం మానేసి ఒక షరతు సాధించుకొచ్చింది. వాళ్ల హాల్లో నేను ఒక తొట్టె అమర్చాలి. మావాళ్లు సంబంధం మాట్లాడటానికి వచ్చే రోజుదాకా నాలుగు చేపలూ అందులోనే బతికి ఉండాలి. ఒక్కటి బయటికి వచ్చినా సంబంధం లేదు.

తాడు చేపకు తొట్టె కట్టడమంటే దొంగకు ఇల్లు కట్టినట్టే. చిటికెనవేలు పట్టే సందు చాలు, జారుకుంటుంది. ఎత్తుకన్నా పొడవెక్కువున్న తొట్టె తెచ్చాను. పొట్ట గీసుకోకుండా అడుగున మెత్తటి నది ఇసుక పరిచాను. దాక్కోవడానికి పగిలిన మట్టి గొట్టాలు పెట్టి, పైన నీటి మొక్కలు వదిలాను. అది పైకొచ్చి గాలి మింగుతుంది కాబట్టి నీళ్లకూ మూతకూ మధ్య బెత్తెడు ఖాళీ ఉంచాను. దాని మీద పెద్దాయన పెద్ద పేచీ పెట్టారు. చుట్టాలొచ్చే ఇంట్లో తొట్టె వెలితిగా ఉంటే పరువేం కావాలట. నింపితే ఊపిరాడక చస్తాయని చెబితే సణుక్కుంటూ ఊరుకున్నారు. మూతకు రెండు కొక్కేలు బిగించి, ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పి వచ్చాను.

పదిహేను రోజులూ ఎబున్ పొద్దున్నే ఫోన్ చేసి "నాలుగు" అని పెట్టేసేది. నా ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉండేది.

ఆ శనివారం మావాళ్లు ముప్పై మంది పెండలం దుంపలతో, పళ్ల బుట్టలతో దిగారు. తంతు నడపడానికి మోజిరాదే అమ్మను పిలిచారు. ఆవిడ నోటికి ఊరంతా దడుస్తుంది. మా ఆచారం ప్రకారం పిల్లాడు అమ్మాయి తరఫు పెద్దల ముందు బోర్లా పడుకోవాలి. కొత్త అగ్బాదా అంగీ చేతులు రెండు దుప్పట్లంత పరుచుకోగా నేనూ పడుకున్నాను. చెంప గచ్చుకు ఆనింది. షోడిపే గారి కుర్చీ కింద నుంచి ఒక తాడు చేప నన్నే చూస్తోంది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరో అత్తయ్య లెమ్మంది. లేస్తే అది నేరుగా ఆడవాళ్ల కాళ్ల మధ్యకు పోతుంది, దానితో పాటే నా పెళ్లీ పోతుంది. అందుకని లేవకుండా, చేతిని అంగుళం అంగుళం కుర్చీ కిందికి జరిపాను. మళ్లీ లెమ్మన్నారు. లేవలేదు.

"చూశారా, నేలను వదలట్లేదు పిల్లాడు" అంది మోజిరాదే అమ్మ. "ఇందులో పావు వినయం మా ఆయనకుంటే నాకింత నోరు వచ్చేదే కాదు."

అందరూ నవ్వారు. ఒక ముసలావిడ నా మర్యాదకు కళ్లు కూడా ఒత్తుకుంది. ఇంకేం చేస్తారు, నన్ను దీవించి తనే లేపమని షోడిపే గారిని ముందుకు తోశారు. ఆయన చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసుతోనే వంగి నా తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆయన చూశారు. ఇక ఎబున్ నాకు దక్కదని అర్థమై ఏడుపొచ్చింది.

"మొప్ప మీద మచ్చున్నదేనా?" అని నా చెవిలో అడిగారు.

"అవునండీ."

"బతికుందా?"

"కదులుతోందండీ."

ఆయన ఇంకాస్త వంగారు.

"పొద్దున ఇల్లంతా మొయిన్-మొయిన్ కుడుములు తింటోంది. అందులో రొయ్య ముక్కలంటే దానికి ప్రాణం. ఇంట్లో శుభకార్యం పెట్టుకుని దాన్నెలా పస్తుంచను? మూత తీసింది నేనేరా. కొక్కెం పెట్టినట్టు లేను."

అలా అంటూ ఆయన తన అగ్బాదాను నా మీద గుడారంలా కప్పారు. కౌగిలించుకున్నారనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చాటున నేను చేపను పట్టి అంగీ చేతి మడతలో చుట్టాను. ఆయన గ్లాసులో నీళ్లన్నీ ఆ మడత మీద పోశారు. అదేదో కొత్త దీవెన అనుకుని మోజిరాదే అమ్మ చేతులు జోడించింది.

షోడిపే గారు నడుం పట్టుకుని నిలబడి, గొంతు సవరించుకుని, హాలంతా వినబడేట్టు అన్నారు.

"లేవయ్యా అల్లుడూ."