పల్సానా మిల్లు దొంగ పైపు

పల్సానాలో మేం వలస వచ్చి పనిచేసే రంగుల మిల్లు వెనక గదుల్లో ఉండే సారక్క ఆ ఉదయం బోరు కొడితే బకెట్లోకి ఊదారంగు నీళ్లు వచ్చాయి. ముందురోజు మేం మిల్లులో బట్టకు వేసిన రంగు అదే.

"వారం సంది గీ బోరు నీళ్లతోనే పిల్లకు తానం పోస్తున్న," అంటూ కూతురు జమున వీపు మీది పొక్కులు మాకు చూపించింది.

 ఏడాది కింద ఇందుకే కదా పదకొండు రోజులు సమ్మె చేశాం! రంగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కట్టందే పని ముట్టమన్నాం. మిల్లు యజమాని సేఠ్ దిగివచ్చి కట్టాడు. దాన్ని చూసుకోవడానికి మా మనిషే ఉండాలని పట్టుబట్టి, సమ్మెలో ముందు నడిచిన సదానందాన్ని అక్కడ పెట్టించాం. సారక్క చేతి అన్నం తిన్నవాడు. వాడిని నమ్మక ఎవరిని నమ్ముతాం?

బకెట్ పట్టుకుని అందరం ప్లాంటు దగ్గరకు వెళ్లాం. మోటార్లు ఆగి ఉన్నాయి. తొట్టి అడుగున మట్టి ఎండి పగిలింది.

"ఏంది సదానందం గిది?" బాయిలర్ పనివాడు మొండయ్య అడిగాడు.

"ఆఫీసర్లు వచ్చినప్పుడు నడుస్తది."

"మల్ల రోజూ నీళ్లు యాడికి పోతున్నయ్?"

సదానందం తల వంచుకున్నాడు. "భూమిల నుంచి వాగులకు పైపేసిండ్రు. ప్లాంటు నడపాలంటే మిల్లు బంద్ జేస్తనన్నడు సేఠ్. మీ కోసమే ప్లాంటు రోజూ నడుస్తున్నదని రిజిస్టర్ల సంతకం పెట్టిన."

"మా కోసమా?" సారక్క ముందుకొచ్చింది. "నీ పర్మినెంటు నౌకరీ గూడ మా కోసమేనా? సేఠ్ సంగతి మాకెరికే. నువ్వు మావోనివనుకున్నం గదరా!"

"జర ఆగుండ్రి," అన్నాడు మాతోపాటు పనిచేసే నర్సింగం. "నిజంగనే మిల్లు మూస్తే ఏం తింటం?"

సగం మంది తలలూపారు. ఆ భయం అందరిదీ.

"మనం మూయమంటలేం, ప్లాంటు నడపుమంటున్నం," అన్నాడు మొండయ్య. "పనీ గావాలె, నీళ్లూ గావాలె. రెండిట్ల ఒకటే ఏరుకొమ్మనేటోడు సేఠ్."

షిఫ్టు సైరన్ మోగింది. ఎవరూ లోపలికి పోలేదు. ప్రహరీ పక్కన, సారక్క బోరుకు దగ్గరలో గడ్డి మాడిన చోట తవ్వడం మొదలుపెట్టాం. మోకాలి లోతులో, అతుకుల దగ్గర కారుతున్న పైపు తగిలింది. పగలగొడితే ఊదారంగు నీళ్లు పొగలు కక్కుతూ ఎగజిమ్మాయి.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. జీపు పక్కన నిలబడి మొండయ్యను వేలు పెట్టి చూపించింది సదానందమే. సారక్క మొహం తిప్పుకుంది.

"పైపు పూడ్వనియ్యకుండ్రి!" జీపులోంచి అరిచాడు మొండయ్య.

గుంత చుట్టూ కూర్చున్నాం. పొద్దు వాలేటప్పటికి పక్క మిల్లు ఒరియా కార్మికులు నలభై మంది పారలతో వచ్చారు. తమ మిల్లుకూ ఇలాంటి పైపే ఉందట. రేపు దాన్ని తవ్వడానికి తోడు రమ్మన్నారు.

పొద్దున భయపడిన నర్సింగం లేచి గడ్డపార అందుకున్నాడు.

"రేపెందుకు? సగం మంది గీడ కావలుండ్రి. మిగిలినోళ్లు నడువుండ్రి."