వదిన గొలుసుకు కాపలా

నేను ఒక పిన్నీసుని. ఇనపతీగను మెలిపెట్టి, మొన తేల్చి, తలకో రేకు టోపీ తొడిగి, పదకొండుమంది తోబుట్టువులతో కలిపి అట్టకు గుచ్చారు. రైల్లో దువ్వెనలమ్మే మనిషి నన్ను పార్వతీపురం సావిత్రమ్మకు అంటగట్టాడు. నాలుగేళ్లు ఆవిడ గాజుకు వేలాడాను. చెప్పు తెగినా నేనే, లంగాకు బొందు ఎక్కించాలన్నా నేనే. ఆడవాళ్లకు మా మీదున్న నమ్మకం మొగుళ్ల మీద కూడా ఉండదు లెండి.

ఆవిడ ఆడపడుచు గౌరేశ్వరి విశాఖలో పెళ్లికి వెళుతూ, బోసిమెడతో ఎలా వెళ్లనని వదిన రెండుపేటల గొలుసు అడిగి పుచ్చుకుంది. సావిత్రమ్మ ఇచ్చింది గానీ ప్రాణం ఒప్పలేదు. గొలుసును జాకెట్టుకు కలిపి నాతో గుచ్చింది.

"పట్నం నిండా దొంగెదవలుంతారు. ఒంటిమీంచి తియ్యకు తల్లీ, నాకున్న బంగారం అదొక్కటే."

"నాకు తెల్దేటి వదినా? నానేటి సంటిపిల్లనా?"

బస్సులో గౌరేశ్వరి నా మీంచి చెయ్యి తీస్తే ఒట్టు. పక్క సీటావిడ మజ్జిగ ఇస్తే తాగలేదు. దిగాక సంచి అందుకోబోయిన ఆటోవాణ్ణి కసిరికొట్టింది. నాకే ముచ్చటేసింది.

బస్టాండు దాటిందో లేదో, చొక్కా టక్ చేసుకున్న ఒకాయన ఎదురొచ్చి ఏదో కార్డు చూపించాడు.

"పోలీసులమమ్మా. పొద్దున్నే ఆ మలుపులో ఒకావిడ గొలుసు తెంపుకుపోయారు. మీరేమో ఇలా కనబడేలా వేసుకొచ్చారు!"

"ఒంటిమీంచి తియ్యొద్దన్నారండి బాబూ," అంది గౌరేశ్వరి.

"మీ మంచికే చెబుతున్నానమ్మా. ఇలాగివ్వండి, కాగితంలో చుట్టిస్తాను. సంచి అడుగున పెట్టుకోండి."

ఏ దొంగ లాగినా జాకెట్టు చిరిగేదాకా నేను వదిలేదాన్ని కాదు. గౌరేశ్వరి తన చేత్తోనే నన్ను విప్పింది. ఆయన పొట్లం చేతికిచ్చి, జాగ్రత్తని మరోసారి చెప్పి వెళ్లాడు, మహానుభావుడు. ఈవిడ దణ్ణం కూడా పెట్టింది.

పెళ్లివారి విడిదిలో పొట్లం విప్పితే అన్నీ గులకరాళ్లు. గౌరేశ్వరి ఏడవలేదు. ఎవరో మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది. పక్కనే సన్నాయి మోగుతున్నా ఆవిడకు వినబడుతున్నట్టు లేదు. ఆ రాళ్లను మళ్లీ అదే కాగితంలో చుట్టింది. నేను నోరు తెరుచుకుని జాకెట్టుకే వేలాడుతున్నాను. నాకూ ఏమీ అనిపించలేదు.

సాయంత్రం పెళ్లివారు స్టేషనుకు తీసుకెళ్లారు. ఖాకీబట్టల పెద్దాయన మెత్తగానే అడిగాడు.

"ఆ పొట్లం ఓసారి ఇలాగివ్వమ్మా. చూసి, రాసుకుని, మళ్లీ ఇచ్చేస్తాను."

గౌరేశ్వరి ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పొట్లాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"ఇవ్వనండి బాబూ. మా వదిన గొలుసుందండి ఇందులో."